థాయ్ భోజనానికి దారి రోలు దగ్గర మొదలవుతుంది

చెన్నై నుంచి బ్యాంకాక్‌కు విమానంలో సుమారు మూడున్నర గంటల ప్రయాణం. ఇక్కడి సెంట్రల్ స్టేషన్‌లో రైలెక్కి విజయవాడ చేరడానికి అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది. ఇంత దగ్గరి దేశం కనుకనే మా బంధువుల్లోనూ ఇరుగుపొరుగు తెలుగు కుటుంబాల్లోనూ అక్కడికి వెళ్లిరానివాళ్లు ఈమధ్య తక్కువగా కనిపిస్తున్నారు. అయితే వెళ్లివచ్చినవాళ్లు తిండి గురించి చెప్పే మాటలు వింటే నాకు నిజంగా బాధ కలుగుతుంది. ప్రతూనామ్‌లోనో సుకుంవిత్‌లోనో ఉన్న మనదేశపు హోటళ్లలో పూటపూటా పప్పూ అన్నమూ తిన్నామని కొందరు చెబుతారు. మాల్‌లో ఒక పళ్లెం పద్ థాయ్ నూడుల్స్ తిన్నామనీ, అది తియ్యగా ఉండటంతో మళ్లీ ఆ జోలికి పోలేదనీ మరికొందరు చెబుతారు. కారం, పులుపు, ఉప్పు ఈ మూడింటినీ మనంత గట్టిగా కోరుకునే మరో దేశానికి వెళ్లి, ఆ రుచిని ముట్టుకోకుండా తిరిగివస్తున్నారు కదా అనిపిస్తుంది.

నాకు తోచిన కారణం ఒకటే. మనం ఆ దేశపు భోజనాన్ని తప్పు వైపు నుంచి మొదలుపెడుతున్నాం. ప్రపంచమంతటా థాయ్ హోటళ్లు చూపించే ఎర్ర కూర, ఆకుపచ్చ కూర, వేయించిన నూడుల్స్ చూసి అదే వాళ్ల భోజనమని అనుకుంటున్నాం. వాళ్ల ఇళ్లలో పళ్లెం మధ్య అన్నం, పక్కన రోట్లో నూరిన ఒక కారపు పచ్చడి, దాని చుట్టూ పచ్చివీ ఉడికించినవీ ఆకులు, కాయలు ఉంటాయి. ఆ పచ్చడిని నామ్ ప్రిక్ అంటారు. రోటి పచ్చడితో వేడన్నం కలుపుకుని పెరిగిన తెలుగువాళ్లకు అంతకంటే తెలిసిన ద్వారం వేరే ఏముంటుంది?

నామ్ ప్రిక్ ఒకటి కాదు, ఊరికొక తీరు. బ్యాంకాక్ చుట్టుపక్కల మధ్య మైదానాల్లో ఎక్కువగా కనిపించేది నామ్ ప్రిక్ కపి. ఉప్పు వేసి మాగబెట్టిన సన్న రొయ్యల ముద్దే కపి. దాన్ని అరటాకులో చుట్టి నిప్పుల మీద కాస్త కాల్చి, వెల్లుల్లితోనూ చిన్న మిరపకాయలతోనూ నూరి, నిమ్మరసం, కొద్దిగా తాటిబెల్లం, చేపల సాస్ కలుపుతారు. అందులో చిదిమి వేసే చిన్న ఆకుపచ్చ కాయలను చూసి చెన్నైవాళ్లు ఆశ్చర్యపోతారు. అవి తమిళులు సుండక్కాయ్ అని పిలిచే మన ఉస్తికాయలే. మనం ఎండబెట్టి వేయించుకుని తింటే, వాళ్లు పచ్చివే పచ్చట్లో వేస్తారు. దాని పక్కన వేయించిన ప్లా థూ అనే చిన్న కానగంత జాతి చేప, గుడ్డుతో కలిపి అట్టులా పోసిన చా ఓమ్ ఆకు, అలసంద కాయలు, దోసకాయ, గుండ్రటి పచ్చి వంకాయ పెడతారు. ప్లా థూ పేరు చెబితే వాళ్లకు మేక్లాంగ్ ఊరు గుర్తుకు వస్తుంది. పట్టాల మీద పరిచిన కూరగాయల బజారు రైలు రాగానే గొడుగులు ముడుచుకునే ఊరు అదే. పర్యాటకులందరూ ఆ రైలును ఫోన్లలో పట్టుకోవడానికి పోటీ పడతారు గానీ, ఆ పట్టాల పక్కనే వెదురు బుట్టల్లో మెడ వంచి సర్దిన ప్లా థూ చేపల వైపు చూసేవాళ్లు తక్కువ.

కపి వాసన మొదట గట్టిగానే తగులుతుంది. ఎండురొయ్యల పొడి, ఎండుచేపల పులుసు ఎరిగిన ఇంట్లో పుట్టినవాళ్లకు దాన్ని దాటడం కష్టం కాదు. ఒక్కటే గుర్తుంచుకోవాలి. నామ్ ప్రిక్‌ను కూరలా చెంచాతో తినకూడదు. కొద్దిగా ముక్కకు అద్దుకుని, వెంటనే అన్నం తినాలి.

ఉత్తరాన చియాంగ్ మాయ్‌కు వెళ్తే పచ్చడి మారుతుంది. అక్కడిది నామ్ ప్రిక్ నుమ్. పొడుగాటి లేతాకుపచ్చ మిరపకాయలను, చిన్న ఉల్లిపాయలను, వెల్లుల్లిని నిప్పుల మీద తొక్క నల్లబడేదాకా కాల్చి, తొక్క తీసి, నారలు నారలుగా నూరుతారు. నా వరకు ఆ దేశంలో తిన్నవాటన్నిటిలోకీ ఇదే మొదటిది. వారొరోట్ బజారులో ఉదయం పూట ఇది కవర్లలో కట్టి అమ్ముతారు. పక్కనే ఉడికించిన గుమ్మడి, క్యాబేజీ, ఆకుకూరలు కూడా దొరుకుతాయి. ఆ బజారులోనే టమాటాలతో, కొట్టిన పందిమాంసంతో చేసే నామ్ ప్రిక్ ఓంగ్ కూడా ఉంటుంది. దానిలో కారం తక్కువ కనుక పిల్లలతో వెళ్లినవాళ్లకు అది నయం.

రోలు గురించి చెబుతున్నాను గనుక ఒక మాట. వాళ్ల వంటింట్లో రోళ్లు రెండు రకాలు. కూరల మసాలాలు, నామ్ ప్రిక్‌లు నూరడానికి నల్లరాతి రోలు, రాతి పొత్రం ఉంటాయి. చోన్‌బురి సమీపంలోని ఆంగ్ సిలా అనే సముద్రతీరపు ఊరు ఈ రాతిరోళ్లకు పేరుపొందింది. రెండోది లోతైన మట్టిరోలు, దానికి చెక్క రోకలి. ఇది నూరడానికి కాదు, ముక్కను నలగ్గొట్టి రసం పట్టించడానికి. దీనిలో చేసేదే సోమ్ తమ్.

సోమ్ తమ్ అంటే పచ్చి బొప్పాయి తురుముతో చేసేది. దీన్ని హోటల్లో కూర్చుని తెప్పించుకోవడం కంటే, చేసే మనిషి బండి ముందు నిలబడి తినడం మంచిదని నేను గట్టిగా చెబుతాను. కాయను ఒక చేతిలో పట్టుకుని, రెండో చేతిలోని కత్తితో నిలువునా గాట్లు పెట్టి, పైపొరను చెక్కితే సన్నటి పోగులు రాలతాయి. ముందు వెల్లుల్లి, మిరపకాయలు రోట్లో పడతాయి. తర్వాత తాటిబెల్లం, అలసంద కాయలు, టమాటా, ఎండురొయ్యలు, వేరుశనగ గుళ్లు, నిమ్మకాయ, చేపల సాస్, చివర బొప్పాయి వేస్తారు. కుడిచేతిలో రోకలి దంచుతుంటే ఎడమచేతిలో చెంచా కిందిదాన్ని పైకి తిరగేస్తుంటుంది. ఆ రెండు చేతుల లయ తప్పితే బొప్పాయి ముద్దవుతుంది, లేదా రసం పట్టదు. మిరపకాయలు ఎన్ని వేయాలో ముందే అడుగుతారు, లేదా మనమే చెప్పవచ్చు. వేళ్లతో చూపించినా సరిపోతుంది. గుంటూరు కారానికి అలవాటుపడ్డాను కదా అని ఎక్కువ చెప్పకుండా, మొదట రెండుతో మొదలుపెట్టడం మంచిది. ఆ చిన్న పచ్చిమిరపల కారం మన ఎండుమిరప కారంలా నెమ్మదిగా ఎక్కదు, నాలుక చివర ఒక్కసారిగా తగులుతుంది. నాలుకకు చాలకపోతే మరికాస్త దంచి ఇవ్వమని అడగవచ్చు, ఎవరూ విసుక్కోరు.

పైన చెప్పినది మధ్య థాయ్‌లాండ్ తీరు. ఈ వంటకం సొంత ఊరు ఈశాన్యంలోని ఇసాన్, దాన్ని ఆనుకుని ఉన్న లావోస్. అక్కడ వేరుశనగ గుళ్లు, ఎండురొయ్యలు ఉండవు. బెల్లం ఉండదు, లేదా నామమాత్రంగా ఉంటుంది. వాటి స్థానంలో ప్లా రా ఉంటుంది. మంచినీటి చేపలను ఉప్పుతోనూ వేయించిన బియ్యప్పొడితోనో తవుడుతోనో కలిపి నెలల తరబడి జాడీల్లో మాగబెడితే వచ్చే గోధుమరంగు పులుసు అది. ప్లా రా వేసిన సోమ్ తమ్ తినకుండా ఇసాన్ భోజనం తిన్నానని చెప్పుకోవడం సరికాదని నా అభిప్రాయం. ఇసాన్ దేశ విస్తీర్ణంలో సుమారు మూడో వంతు ఉండే పీఠభూమి. వానను నమ్ముకున్న నేల. అక్కడివాళ్లు బతుకుతెరువు కోసం రాజధానికి తరలివచ్చి టాక్సీలు నడుపుతూ, భవనాలు కడుతూ స్థిరపడ్డారు. వాళ్లతో పాటే సోమ్ తమ్, నిప్పుల మీద కాల్చిన కోడి, లాప్ అనే మాంసపు వంటకం బ్యాంకాక్‌లోని ప్రతి వీధికీ వచ్చాయి. అందువల్ల ఇసాన్ దాకా వెళ్లే వీలు లేనివాళ్లు కూడా, సాయంత్రం బొగ్గుల పొయ్యి మీద కోళ్లు కాలుతున్న బండిని వెతుక్కుంటే చాలు.

ఇసాన్‌లోనూ ఉత్తరాదిలోనూ రోజువారీ అన్నం మనది కాదు. అది ఖావ్ నియావ్ అనే బంక అన్నం. ఈ బియ్యంలో అమైలోజ్ అనే పిండిపదార్థం దాదాపుగా ఉండదు కనుక, ఉడికితే మెతుకులు విడివడకుండా అతుక్కుంటాయి. రాత్రంతా నానబెట్టి, నీళ్లలో ఉడికించకుండా వెదురు బుట్టలో ఆవిరి మీద వండుతారు. అల్లిన చిన్న బుట్టల్లో మూత పెట్టి వడ్డిస్తారు. చేత్తో కొంచెం తీసుకుని, వేళ్లతో చిన్న ఉండగా నొక్కి, దాన్నే సోమ్ తమ్ రసంలోనో లాప్‌లోనో అద్దుకుని తినాలి. చేతితో తినే మనకు ఇది వెంటనే పట్టుబడుతుంది. లాప్ అంటే సన్నగా కొట్టిన మాంసంలో నిమ్మరసం, చేపల సాస్, ఎండుమిరప పొడి, పుదీనా, ఉల్లికాడలు, బియ్యాన్ని ఎర్రగా వేయించి కొట్టిన బరక పొడి కలిపిన వంటకం. ఆ బియ్యప్పొడి వేసే కమ్మదనం లేకపోతే లాప్ లాప్ కాదు. ఉత్తరాది లాప్ వేరు. దానిలో నిమ్మరసం ఉండదు. ఎండు మసాలాలు, మఖ్వేన్ అనే నాలుకను తిమ్మిరెక్కించే గింజ ఉంటాయి. ఒకే పేరు చూసి రెండింటినీ ఒకటని అనుకోకూడదు.

ఇక ఆకుల సంగతి. థాయ్ బజారుల్లో తిరుగుతున్నప్పుడు నన్ను అన్నిటికంటే ఎక్కువ కట్టిపడేసినది ఇదే. మనం దొండకాయలు కోసుకుని తీగను వదిలేస్తాం. వాళ్లు అదే తీగ లేతచిగుళ్లను తెల్లటి చారులో వేసుకుంటారు. అవిసె పువ్వులను, మునక్కాడలను గేంగ్ సోమ్ అనే పుల్లటి పులుసులో వేస్తారు. ఎండుమిరప, చిన్న ఉల్లి, కపి కలిపి నూరిన ముద్దలో ఉడికిన చేపను కూడా వేసి నూరి, చింతపండు పులుసులో కలిపి కాచడం వల్ల దానికి చిక్కదనం వస్తుంది. కొబ్బరిపాలు చుక్క కూడా పడదు. థాయ్ కూరలన్నీ కొబ్బరిపాలతో నిండి తియ్యగా ఉంటాయని చెప్పేవాళ్లకు ముందుగా నేను ఈ పులుసు పేరే చెబుతాను. చియాంగ్ మాయ్‌లో లేత పనసకాయను ఉడికించి, రోట్లో దంచి, కారపు ముద్దతో తాలింపు పెట్టే వంటకం ఉంది. పనసపొట్టు కూర ఎరిగిన గోదావరి జిల్లాలవాళ్లు దాన్ని తప్పక వెతుక్కుని తినాలి. సరస్వతి ఆకును రసం తీసి తాగుతారు. శంఖుపువ్వులతో నీలిరంగు పానీయం చేసి, నిమ్మరసం పిండి ఊదారంగులోకి మారుస్తారు.

వేపపువ్వు సంగతి వేరుగా చెప్పాలి. శీతకాలంలో బజారుకు వచ్చే వేపచిగుళ్లను, మొగ్గలను వాళ్లు ఉడుకునీళ్లలో వేసి తీసి, చేదు కొంత తగ్గించి, తియ్యటి పులుసులో అద్దుకుని తింటారు. తాటిబెల్లం, చింతపండు, చేపల సాస్ కలిపి చిక్కగా కాచి, పైన వేయించిన ఉల్లిపాయలు, ఎండుమిరపకాయలు చల్లిన పులుసు అది. పక్కన నిప్పుల మీద కాల్చిన వాలుగ లాంటి చేప ఉంటుంది. అక్కడి వేప మన వేపకు దగ్గరి రకమే, చేదు కాస్త తక్కువ. వేపపువ్వు, చింతపండు, బెల్లం, కారం, ఉప్పు ఒకే పళ్లెంలో ఉన్నాయి. ఉగాది రోజున మనం ఒక గిన్నెడు చేసి దేవుడికి పెట్టి పంచుకునే రుచులను, వాళ్లు ఆ కాలమంతా అన్నంలోకి కూరలా తింటున్నారు. డిసెంబరు, ఫిబ్రవరి మధ్య వెళ్లేవాళ్లు బజారులో వేపకట్టలు కనిపిస్తే వదిలిపెట్టవద్దు.

తులసి విషయంలో మా ఇంట్లో చిన్న చర్చ జరిగింది. బ్యాంకాక్‌లో ఏ చిన్న అంగడిలోనైనా నిమిషాల్లో చేసి పెట్టే మధ్యాహ్న భోజనం పద్ క్రపావ్. కొట్టిన మాంసాన్ని వెల్లుల్లి, మిరపకాయలతో పెద్ద మంట మీద వేయించి, చివర గుప్పెడు తులసి ఆకులు వేసి, అంచులు కరకరలాడేలా వేయించిన గుడ్డుతో అన్నం మీద పెడతారు. ఆ ఆకు జాతి మన తులసే. నేను ఈ సంగతి చెప్పినప్పుడు మా అత్తయ్యగారు చేస్తున్న పని ఆపి, “తులసిని కోడిమాంసంలో వేస్తారా అమ్మాయ్?” అని అడిగారు. “అవునత్తయ్యా, కానీ వాళ్లు దాన్ని కూరాకుగానే పెంచుతారు, కోటలో పెట్టి పూజించరు” అన్నాను. “సరే, వాళ్ల ఆచారం వాళ్లది. మన కోట దగ్గర మాత్రం తుంచకు” అన్నారు. ఆ మాటను నేను పాటిస్తున్నాను. మా డాబా మీద వంట కోసం పెంచుతున్నది వేరే కుండీ.

ఏది తినాలన్నదానితో పాటు ఎక్కడ, ఎలా తినాలన్నది కూడా తెలియాలి. ట్రేలలో కూరలు వరుసగా పెట్టి, అన్నం మీద వేసి ఇచ్చే అంగళ్లను ఖావ్ గేంగ్ అంటారు. భాష రానివాళ్లకు ఇంతకంటే మంచి చోటు లేదు. వేలితో చూపిస్తే చాలు. పదకొండు దాటకముందే వెళ్లాలి, ఎందుకంటే మంచి కూరలు ముందే అయిపోతాయి. బ్యాంకాక్‌లో 1900లో మొదలైన నాంగ్ లోయెంగ్ బజారులో, నది దాటి వెళ్లే వాంగ్ లాంగ్ బజారులో ఇలాంటివి చాలా ఉన్నాయి. వాంగ్ లాంగ్‌లో పసుపు, కారం దండిగా ఉండే దక్షిణాది కూరలు దొరుకుతాయి. చూడటానికి, పండ్లు కొనడానికి చతుచక్ పక్కన ఉన్న ఓర్ తోర్ కోర్ బజారు ఉంది, శుభ్రంగానే ఉంటుంది కానీ ధరలు ఎక్కువ. నలుగురు కలిసి తినేటప్పుడు అన్నం ఎవరిది వాళ్లకు, కూరలు అందరికీ మధ్యలో. ఒక్కో కూర ఒక్కో చెంచా మాత్రమే వేసుకుని, అది తిన్నాకే మరొకటి వేసుకోవడం అక్కడి మర్యాద. అన్నం చెంచాతో తింటారు, ఫోర్కు చెంచాలోకి తోయడానికే. చాప్‌స్టిక్‌లు నూడుల్స్‌కే. నూడుల్స్ అంగళ్లలో బల్ల మీద చక్కెర, ఎండుమిరప పొడి, మిరపముక్కలు వేసిన వెనిగర్, చేపల సాస్ పెడతారు. వండినవాడు సగం రుచి చేసి, మిగిలిన సగం మనకు వదిలిపెడతాడు. ఆ నాలుగింటినీ ముట్టుకోకుండా తిని చప్పగా ఉందనడం న్యాయం కాదు.

పద్ థాయ్ గురించి ఎక్కువ చెప్పను. దేశం పేరు సియాం నుంచి థాయ్‌లాండ్‌గా మారిన 1939 తర్వాతి ఏళ్లలో ప్రధాని ఫిబున్ ప్రభుత్వం జాతీయ వంటకంగా ప్రచారం చేసిన నూడుల్స్ అది. మంచిచోట చింతపండు పులుపుతో, పచ్చి అరటిపువ్వు ముక్కతో బాగుంటుంది. కానీ ఒక దేశపు భోజనానికి అది ప్రతినిధి కాదు. టోమ్ యమ్ రొయ్యల చారును యునెస్కో 2024లో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ గౌరవానికి అది తగినదే.

తీపి అంటే భయపడేవాళ్లు ఫెచబురి వెళ్లి చూడాలి. బ్యాంకాక్‌కు నైరుతి దిశగా ఉన్న ఈ ఊరు ఉప్పుకు, నిమ్మకు, తాటిబెల్లానికి ప్రసిద్ధి. యునెస్కో 2021లో దీన్ని ఆహార సృజన నగరాల్లో చేర్చింది. పొలాల గట్ల మీద తాటిచెట్లు, మొవ్వుకు కట్టిన గొట్టాలు చూస్తే కోనసీమ దాటి వచ్చినట్టు అనిపించదు. పండిన తాటిపండు గుజ్జును బియ్యప్పిండితో కలిపి, ఆవిరి మీద ఉడికించి, పైన కొబ్బరి తురుము చల్లి అమ్ముతారు. తాటిరొట్టె వాసన ఎరిగినవాళ్లకు ఆ పసుపురంగు ఉండలను పరిచయం చేయనక్కరలేదు. మంచి తాటిబెల్లం రుచి తెలిసిన తర్వాత, వాళ్లు కారంలో పులుపులో అది ఎందుకు వేస్తారో నాలుకకే తెలుస్తుంది. అది తీపి చేయడానికి కాదు, పులుపుకూ ఉప్పుకూ మధ్య ఉన్న మొనను కాస్త అరగదీయడానికి. చౌక అంగళ్లలో దాని బదులు పంచదార గుప్పెడు వేస్తారు. తియ్యగా ఉందన్న మన ఫిర్యాదు చాలావరకు ఆ పంచదార మీదే.

చెన్నైవాళ్లకు ఇంకో దగ్గర దారి ఉంది. చెన్నైలోని ప్యారీస్ కార్నర్ దగ్గర బర్మా బజారులో సాయంత్రాలు అత్తో తిననివాళ్లు ఇక్కడ తక్కువ. మన పెద్దలు రంగం అని పిలిచిన రంగూన్ నుంచి, బర్మా దేశమంతటి నుంచి 1960లలో తిరిగివచ్చిన కుటుంబాలు తమతో తెచ్చుకున్న నూడుల్స్ అవి. వాళ్ల ఇళ్లలో కొబ్బరిపాలతో చేసే ఖావ్ స్వే కూడా ఉంటుంది. చియాంగ్ మాయ్‌లో దొరికే ఖావ్ సోయ్ దానికి దగ్గరి బంధువు. కంచరగాడిదల బిడారులతో యున్నాన్ నుంచి వచ్చిన చైనా ముస్లిం వర్తకులకు ఈ వంటకంతో సంబంధం ఉంది. పసుపు, మసాలాలు వేసిన కొబ్బరిపాల పులుసులో గుడ్డు నూడుల్స్, కోడికాలు, పైన కరకరలాడేలా వేయించిన నూడుల్స్, పక్కన ఊరబెట్టిన ఆవాకు, చిన్న ఉల్లి, నిమ్మబద్ద ఉంటాయి. పక్కనున్నవన్నీ కలిపితేనే అది పూర్తవుతుంది. శుక్రవారం ఉదయం బాన్ హో మసీదు దగ్గర జరిగే యున్నాన్ ముస్లింల సంతకు వెళ్తే ఆ చరిత్ర అంతా గంపల్లో కనిపిస్తుంది.

దాల్చినచెక్క, ఏలకులు, లవంగాలు, జాజికాయ వేసే మస్సమన్ కూర కూడా ముస్లిం వర్తకుల ప్రభావంతో వచ్చినదే. 17వ శతాబ్దంలో మచిలీపట్నం ఓడరేవుకూ సియాం రాజధాని అయుత్థయకూ మధ్య వర్తకం జోరుగా సాగింది. నరాయ్ రాజు కొలువులో పర్షియా వర్తకులు పెద్ద పదవుల్లో ఉన్నారు. మన తీరంలో అద్దిన బట్టలు ఆ దేశపు కొలువుకు వెళ్లాయి. ఆ కూర తింటున్నప్పుడు నాకు ఆ ఓడలు గుర్తుకు రాకుండా ఉండవు.

శాకాహారుల ప్రశ్న ఇక్కడ చాలామందిది. కనుక స్పష్టంగా చెబుతాను. కూరగాయలు మాత్రమే కనిపిస్తున్న వంటకంలోనూ చేపల సాస్, కపి, ఆల్చిప్పల సాస్, మాంసపు మరుగునీళ్లు ఉండవచ్చు. మాంసం వద్దని చెప్పినంత మాత్రాన ఇవి ఆగవు. జే అన్న మాట వాడాలి. పసుపు జెండా మీద ఎర్రటి అక్షరం ఉన్న అంగడిలో మాంసం, చేప, గుడ్డు, పాలు ఉండవు. వెల్లుల్లి, ఉల్లి కూడా ఉండవు. చైనా పంచాంగం ప్రకారం తొమ్మిదో నెల మొదటి తొమ్మిది రోజులు జరిగే శాకాహార పండుగలో దేశమంతటా, ముఖ్యంగా ఫుకెట్‌లోనూ బ్యాంకాక్‌లోని యావరత్ వీధిలోనూ ఈ జెండాలు వెలుస్తాయి. అవి చాలా ఏళ్లు ఇంచుమించు మన శరన్నవరాత్రుల రోజుల్లోనే వస్తాయి. సిలోమ్ వీధిలో 19వ శతాబ్దంలో తమిళులు కట్టిన మారియమ్మ గుడిలో నవరాత్రి ఉత్సవాలు కూడా అప్పుడే జరుగుతాయి. శాకాహార కుటుంబాలు ఆ రోజులు చూసుకుని వెళ్తే, పగలు దర్శనం, సాయంత్రం వీధి పొడవునా నిశ్చింతగా తినదగిన భోజనం రెండూ దొరుకుతాయి.

తిరిగివచ్చాక ఇంట్లో చేసుకోవాలనుకునేవాళ్లకు చెన్నైలో ఇబ్బంది పెద్దగా లేదు. నిమ్మగడ్డి నర్సరీలో కొని కుండీలో పెడితే ఎండకు బాగా పెరుగుతుంది. గలాంగల్ అని పిలిచే అల్లంజాతి దుంప, మన దుంపరాష్ట్రకం, నాటుమందుల కొట్లలో అరత్తై పేరుతో ఎండుముక్కలుగా దొరుకుతుంది గానీ, వంటకు పచ్చిదే కావాలి. దాని బదులు అల్లం వేస్తే వాసన పూర్తిగా మారిపోతుంది. అది దొరకనిరోజు ఆ వంట మానుకోవడమే మేలు. కొత్తిమీర వేళ్లను పారేయకుండా కడిగి దాచుకోవాలి. వెల్లుల్లి, మిరియాలతో కలిపి నూరితే చాలా థాయ్ వంటలకు అదే పునాది.

వీటన్నిటికంటే తేలిక నామ్ ప్రిక్ నుమ్. ఇక్కడ ఏ కూరగాయల కొట్లోనైనా దొరికే బజ్జీ మిరపకాయలు, వాటికి తోడు నాలుగు కారపు పచ్చిమిరపకాయలు, గుప్పెడు సాంబారు ఉల్లిపాయలు, తొక్కతోనే వెల్లుల్లి రెబ్బలు తీసుకుని, బొగ్గుల మీద గానీ స్టవ్ మంట మీద జాలీ పెట్టి గానీ నల్లగా కాల్చాలి. మూతపెట్టి చల్లార్చి, తొక్క తీసి, రోట్లో ఉప్పుతో నూరాలి. మిక్సీలో వేస్తే మెత్తటి ముద్దయి ఆ నార పోతుంది. శాకాహారులకు ఉప్పు చాలు, మిగిలినవాళ్లు చివర ఒక చెంచా చేపల సాస్ కలుపుకోవచ్చు. దీనిలో సాధారణంగా పులుపు వేయరు. పచ్చడి అనగానే మన చెయ్యి చింతపండు మీదికి వెళ్తుంది. మొదటిసారి మాత్రం దాన్ని ఆపి, ఉడికించిన గుమ్మడిముక్కతో, వేడన్నంతో అలాగే తిని చూడండి. చింతపండు కావాలో వద్దో ఆ తర్వాత నిర్ణయించుకోవచ్చు.